చిన్న సందేశం, సున్నితమైన స్వరం



గాజువాకలోనైనా, భీమిలి వైపు పల్లెల్లోనైనా నేడు మన ఆరాధనల్లో కీబోర్డు వినబడుతోంది. ప్రార్థన వేళ కంప్యూటరుతో కలిపి వాయిస్తూ శబ్దం మెల్లగా తగ్గించబోతే, మెట్లు మెట్లుగా తగ్గుతోందని యౌవనస్థులు మాతో అంటున్నారు. క్రొత్త కీబోర్డు కొనాలా?

ముందు కారణం తెలుసుకుందాం. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో వాద్య పరికరాలు అంకెలతో మాట్లాడుకుంటాయి. శబ్దాన్ని సవరించే 7వ నంబరు సందేశానికి 0 నుండి 127 వరకు 128 మెట్లే. దానికి జత 39వ నంబరు. మొదటిది రూపాయలైతే రెండవది పైసలు. రెండూ కలిస్తే 16,384 మెట్లు! స్వరాన్ని వంచే చక్రం సందేశంలో మొదటినుండి ఈ రెండు భాగాలూ ఉన్నాయి. 2020లో వచ్చిన మిడి 2.0లోనైతే మెట్లు 400 కోట్లకు పైమాటే.

అయితే పంపేది పైసలు పంపినా, వినేది గ్రహించకపోతే ఫలితం లేదు. కాబట్టి కానుకల సొమ్ము ఖర్చు చేయకముందు, పరికరంతో వచ్చిన పుస్తకం చివర ఉండే మిడి పట్టిక చూడండి. 39 ఎదుట సాధారణంగా సున్న ఉంటే ఉన్నట్టు, ఇంటూ గుర్తు ఉంటే లేనట్టు. పంపుట, గ్రహించుట అనే రెండు వరుసలూ చూడాలి.

కొంచెములో నమ్మకత్వం ప్రభువు మన యొద్ద కోరేదే. అది వాయించే వ్రేళ్లలోనూ, సంఘపు సొమ్ము లెక్కలోనూ కనబడును గాక!