కుక్కపిల్లకు నడక నేర్పుట

మైపాడు తీరమునకు తెల్లవారుజామున వాహ్యాళి పోవువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. కుక్కపిల్ల ముందు పరుగిడుచుండును. తాడు పట్టిన యజమాని వెనుక ఇసుకలో తడబడుచుండును. ఎవరు ఎవరిని షికారు త్రిప్పుచున్నారో తెలియదు. చూచువారికి నవ్వు వచ్చును గాని, ఇందు నవ్వి విడువరాని విషయ మొకటి కలదు.

జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ నెల్లూరు తీరపు ఇసుకలోనికి వచ్చును. సుమారు అడుగున్నర లోతు గుంత త్రవ్వి, ఒక్కొక్కటి 100కు అటునిటుగా గుడ్లు పెట్టి, పూడ్చి, కడలికి మరలిపోవును. అవి పిల్లలగుటకు 45 మొదలు 60 దినములు పట్టును. ఆ గుడ్లను పెల్లగించి తిను జంతువులలో కుక్క ముఖ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు రక్షణ కల్పించినది. కాని కుక్కకు చట్టము తెలియదు, తాడు తెలియును.

తాడు ఉన్న చాలదా, అది వదులుగా నుండవలెనా యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. లాగుడుకు చేయి నొప్పి పుట్టిన యజమాని తుదకు విసిగి తాడు విప్పివేయును. కావున నడక నేర్చిన కుక్కయే తాడున నిలుచును.

కుక్క లాగుట పొగరుచేత కాదు. ఎండుచేపల వాసన వైపు లాగినది, మనమును వెంట నడిచితిమి. లాగిన కోరినచోటు దొరకునని అది నేర్చుకొన్నది. సుఖఫలము నిచ్చిన పనిని ప్రాణి మరల చేయునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులపై ప్రయోగములు జరిపి 1898లో ప్రకటించెను. ఆ సూత్రమునే మనము త్రిప్పి వాడుకొనవలెను.

మొదట ఇంటి పెరటిలో ఆరంభింపుడు. ఆరడుగుల తాడు చాలును. మెడపట్టీకంటె ఛాతీ మీదుగా తొడుగు పట్టీ మేలు, గొంతు నొక్కుకొనదు. పిల్ల మీ మోకాలి ప్రక్కన నడచినంతసేపు రెండు మూడడుగుల కొకసారి ఉప్పు లేక ఉడికించిన కోడిమాంసపు తునక నొకటి అక్కడనే అందింపుడు. తాడు బిగిసినంతనే స్తంభమువలె నిలువుడు. గుంజవలదు, కసరవలదు. అది వెనుదిరిగి తాడు సడలినప్పుడు మరల అడుగు వేయుడు. లాగిన నడక ఆగును, సడలిన సాగును: పాఠ మింతే.

ఒక పూటకు ఐదు నిమిషములు చాలును. పెరటిలో కుదిరిన పిదప వీధికి, అటుపై సరుగుడు తోటలకు, చివరకు పీతలు పరుగిడు తీరమునకు కొనిపోవలెను. టీకాలు పూర్తియైనవో లేదో వీధికి పోవుటకు ముందే పశువైద్యుని అడుగుడు. ఎండ ముదిరిన ఇసుక అరికాళ్లను కాల్చును గనుక ప్రొద్దుననో సాయంకాలమో పోవుట మంచిది.

ఇంటిల్లిపాదియు ఒకే పద్ధతి పాటింపవలెను. తండ్రి నిలిచినచోట కొడుకు పరుగెత్తినచో పది దినముల శ్రమ ఒక్కపూటలో వ్యర్థమగును.

కొన్ని వారముల ఓర్పుతో కుక్క మీ ప్రక్కన నడచును. క్రొత్తగా త్రవ్విన ఇసుక కనబడినప్పుడు మీరు ప్రక్కకు తిరిగిన, అదియు తిరుగును. ఆ ఇసుక క్రింది 100 ప్రాణములు మీ చేతిలోని వదులు తాడుపై ఆధారపడియున్నవి.