ఆటిజము: భాషాస్వభావము, సమాజమున స్థానము

ఆటిజము అను పదము గ్రీకు భాషలో ‘తాను’ అను అర్థముగల ‘ఔటోస్’ శబ్దమునుండి కల్పింపబడినది. స్విట్జర్లాండు దేశపు మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1911లో వెలువరించిన గ్రంథమున, స్కిజోఫ్రేనియా రోగులు బాహ్యప్రపంచమును విడిచి తమలోనికి ముడుచుకొనిపోవు స్థితిని ఈ పేరుతో వ్యవహరించెను. నేడు ఆ పదము తెలుపు విషయము వేరు. అది శైశవమునుండియు నాడీమండలము వికసించు తీరులోనే గల భేదము, జీవితాంతము నిలుచునది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో సుమారు 127 మందికి ఒకరు ఈ స్థితి గలవారు. ఇంతమందికి సంఘమున గల స్థానమును గూర్చిన చర్చను వైద్యులకును న్యాయవాదులకును మాత్రమే విడువదగదు. ఆటిజము ప్రధానముగా సంభాషణమునకును పరస్పర సంబంధమునకును చెందినది. కావున భాషావేత్తలకును ఇందు పని కలదు.

ఇప్పటి అర్థమునకు పునాది 1943లో పడినది. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రియందలి వైద్యుడు లియో కానర్ ఆ యేట పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టి బాలురనే వర్ణించెను. వీరిద్దరికంటె ముందుగా 1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా చేసిన వర్ణనము చిరకాలము మరుగున పడియుండెను. 1979లో లండనున లోర్నా వింగ్, జూడిత్ గూల్డ్ అను పరిశోధకురాండ్రు ఈ లక్షణములు ఒకే మూసలోనివి కావనియు, తరతమ భేదములతో విస్తరించియుండుననియు చూపిరి. ఈ విస్తృతిలో ఒక్క మాటయైన పలుకనివారు కలరు. పాండిత్యమున పేరుపొందినవారును కలరు. బుద్ధిమాంద్యము కొందరియందు దీనితో కలిసియుండవచ్చును గాని, రెండును ఒకటి కావు.

నడుమ ఒక గొప్ప అన్యాయము జరిగినది. తల్లి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డ ఇట్లగునను వాదము కొన్ని దశాబ్దములు ప్రబలియుండెను. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ దీనిని ఖండించి జీవశాస్త్ర కారణములను ప్రతిపాదించెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథము పాతవాదమునకే బలము చేకూర్చినను, 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవలలపై చేసిన పరిశోధన జన్యుకారణముల ప్రాధాన్యమును తేటపరచినది. శాస్త్రమున ఆ నింద తొలగిపోయినది. ఇండ్లలో ‘తల్లి పెంపకము’ అను మాటగా ఇంకను వినబడుచున్నది.

కానర్ తాను చూచిన పిల్లల పలుకులలో రెండు విశేషములను గుర్తించెను. మొదటిది విన్న మాటను విన్నట్లే మరల పలుకుట. రెండవది సర్వనామముల తారుమారు. తెలుగింట ఇవి ఏ రూపమున నుండునో ఒక ఉదాహరణమున చూడవచ్చును. ‘బువ్వ తింటావా?’ అని తల్లి అడుగును. బిడ్డయు ‘బువ్వ తింటావా?’ అనును. మరునాడు ఆకలి వేసినప్పుడు తానై వచ్చి, అదే మాటను తల్లి గొంతులోని యాసతో సహా పలుకును. వినువారికిది చిలుకపలుకు. కాని ఆ వాక్యము వినబడినప్పుడెల్ల అన్నము వచ్చినది గనుక, బిడ్డ దృష్టిలో అది అన్నమడుగు వాక్యమే. 1981లో బారీ ప్రిజంట్, జూడిత్ డూకాన్ ఇట్టి ప్రతిధ్వనులను పరిశీలించి ఏడు విధములుగా విభజించిరి. సంభాషణలో తన వంతు తీసికొనుట, అవునని చెప్పుట, కోరుట, తన్ను తాను అదుపులో నుంచుకొనుట అందు చేరినవి. అర్థములేనిదని తోసివేసిన మాటయందు అర్థము దొరకినది.

సర్వనామముల విషయమున భాషాభేదమును గమనింపక తప్పదు. ఆంగ్లమున ‘ఐ’, ‘యూ’ అను పదములను పరిశీలించిన చాలును. తెలుగున కర్తృపదము తరచు లోపించును. పురుషభేదము క్రియాంతమున నిలుచును. ‘వచ్చాను’ అనవలసినచోట ‘వచ్చావు’ అన్నచో, సర్వనామ మొక్కటియు లేకయే తారుమారు జరిగినట్లు. మలయాళ క్రియకు పురుషప్రత్యయము లేదు. అచ్చట ఈ ఆధారమే దొరకదు. తెలుగుననే ‘కావాలి’ అను రూపము అన్ని పురుషములకును ఒక్కటే. ‘నీళ్లు కావాలి’ అను బిడ్డయందు ఏ వ్యత్యయమును కనబడదు. పైగా తెలుగు తల్లి ‘నాకు ఇయ్యి’ అనుటకు మారుగా ‘అమ్మకు ఇయ్యి’ అనుట సహజము. పసిబిడ్డ తన్ను పేరుతో చెప్పుకొనుటయు వింత కాదు. ఏది బాల్యసహజము, ఏది ఆటిజ లక్షణము అని నిర్ణయించుటకు ఆ యా భాషల వ్యాకరణమును, ఇంటి వాడుకయు తెలియవలెను.

ఇది కేవల పాండిత్య విషయము కాదు. సికిందరాబాదున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ, నేడు జాతీయ మేధోదివ్యాంగజన సాధికారత సంస్థగా వ్యవహరింపబడుచున్నది, భారతీయ ఆటిజ మాపనిని రూపొందించినది. అందలి 40 అంశములలో ప్రతిధ్వనియు, సర్వనామ వ్యత్యయమును చేరియున్నవి. ఆ మాపనిలో వచ్చిన గుణములను బట్టి ఒక మనిషికి ధ్రువపత్రము లభించుటయో లభింపకపోవుటయో జరుగును. అట్టి అంశమునకు మలయాళమున ఏది గుర్తు, తెలుగున ఏది గుర్తు అని వివరించు భారము భాషాశాఖలదే.

ఇంటి భాషను గూర్చి మరింత ఆలోచింపవలసియున్నది. బిడ్డకు మాటలు ఆలస్యమైనచో ‘ఒకే భాషలో మాటాడుడు’ అను సలహా తరచుగా వినబడును. పాఠశాలయు, చికిత్సయు ఆంగ్లమున నుండుటచే ఆ ఒక్క భాష ఆంగ్లమగును. ఇల్లు తెలుగో తమిళమో అయినచోట, అంతటినుండి తల్లి తనకు సరిగా రాని భాషలో బిడ్డతో పొడిమాటలు పలుకును. అవ్వయు తాతయు మౌనము వహింతురు. పెండ్లిలో, పండుగలో చుట్టములాడు మాట బిడ్డకు చెవిటివాని ముందు శంఖమగును. ఈ సలహాకు శాస్త్రాధారము లేదు. 2012లో కెనడాలో కేథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ ప్రకటించిన పరిశోధన, రెండు భాషల నడుమ పెరుగు ఆటిజముగల పిల్లలు ఒకే భాషలో పెరుగువారికంటె భాషావికాసమున వెనుకబడలేదని తెలిపినది. తరువాతి పరిశీలనములును దీనినే బలపరచినవి. సంఘమున స్థానము మొదట ఇంటిలో దొరకవలెను. ఇంటి భాషను తీసివేసినచో ఆ మొదటి స్థానమే పోవును.

పెద్దవారైన పిదప చిక్కు మరియొక రూపము దాల్చును. లోకవ్యవహారమున మాట యొకటి, భావ మొకటిగా నుండుట సాధారణము. ‘వెళ్లొస్తాను’ అని సెలవు తీసికొన్నవాడు తిరిగి రాడు. ‘తరువాత చూద్దాం’ అన్న అధికారి కాదనియే చెప్పినట్లు. మాటను మాటగా గ్రహించువాడు మొదటివానికొరకు వాకిట నిలుచును. రెండవవానిని మరునాడు పోయి అడుగును. లోక మతనిని తెలివితక్కువవాడనియో, మర్యాద తెలియనివాడనియో తలంచును. తానును ఆటిజము గలవాడైన ఇంగ్లండు సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో ఈ విషయమున ఒక ముఖ్యవాదము చేసెను. పరస్పరము అర్థము కాకపోవుట ఇరువైపుల లోపమేగాని ఒకరిది మాత్రము కాదనియు, ఆటిజము లేనివారును ఆటిజముగలవారి మనస్సును గ్రహింపలేకున్నారనియు ఆ వాదసారము.

ఈ దృష్టితో చూచినచో భారతీయ భాషలలోని పేర్లును పునర్విచారణకు తగియున్నవి. హిందీ ‘స్వలీనత’, మరాఠీ ‘స్వమగ్నత’ మూలమందలి ‘తాను’ అను భావమునే అనువదించినవి. తమిళమున వాడుకకు వచ్చిన ‘మది ఇఱుక్కం’ మనస్సు బిగిసియుండుటను సూచించును. పొందు కోరియు దాని దారి తెలియక బాధపడువానికి ‘తనలో మునిగినవాడు’ అను పేరు న్యాయమగునా? తెలుగు ‘ఆటిజము’ అను ఎరువుపదముతోనే సరిపెట్టుకొన్నది. అది పేదరికమువలె తోచినను, లేని దోషమును అంటగట్టని పేరు.

చట్టము కొంత దూరము నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టమందలి ఏడు విభాగములలో ఆటిజము లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టము దానిని పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విభాగములలో దానిని చేర్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేకించిన 4 శాతమున 1 శాతము ఆటిజము, మేధోవైకల్యము, నిర్దిష్ట అభ్యసన వైకల్యము, మానసిక రుగ్మత, బహువైకల్యములు గలవారికి ఉమ్మడిగా లభించును. కాని అభ్యర్థిని పరీక్షించువారు అతని కన్నులు తమ కన్నులను కలియలేదని విశ్వాసలోపము నెంచినచో ఆ శాతము కాగితముపైననే నిలుచును. చెప్పదలచినది సూటిగా చెప్పుట, పనిని వ్రాతమూలకముగా నిచ్చుట, మార్పును ముందుగా తెలుపుట మున్నగు సౌకర్యములకు వ్యయము స్వల్పము.

తెలుగున ‘మేము’ అన్నప్పుడు వినువాడు వెలుపల నుండును. ‘మనము’ అన్నప్పుడు లోపల నుండును. ఆటిజమును గూర్చిన రచనలు పెక్కు ‘మేము’ అను దృష్టితో వ్రాయబడినవి. భాషాశాఖలు ఈ దోషమును సవరింప గలవు. ఆటిజముగలవారి తెలుగు, తమిళ, కన్నడ, బంగాళీ సంభాషణములను వారి సమ్మతితో సేకరించి, వారినే వ్యాఖ్యాతలుగా చేర్చుకొని, వ్యాకరణదృష్టితో పరిశీలించుట మొదటి పని. నిర్ధారణ చేయు వైద్యునికి, పాఠము చెప్పు ఉపాధ్యాయునికి, ఇంట మాటాడు తల్లికి ఆ ఫలితము నేరుగా ఉపయోగపడును.