మౌస్ ఎవరి చేతిలో ఉంది?

“మేడమ్! నాకు సీటొచ్చిందంట... కానీ పోయిందంట!”

2019లో బడి తెరిచిన కొత్తల్లో, స్టాఫ్ రూమ్ గుమ్మం పట్టుకుని నిలబడి ఓ అమ్మాయి అన్న మాట ఇది. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. హాస్టల్ ఉన్న ఓ జూనియర్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. పెట్టుకుందంటే తన చేత్తో కాదు. నాన్నతో కలిసి నెట్ సెంటరుకు వెళ్తే అక్కడి కుర్రాడు డబ్బు తీసుకుని అన్నీ తనే నింపాడు. ఫోన్ నెంబరు అడిగిన చోట తన నెంబరే కొట్టేశాడు. సీటొచ్చిందన్న సందేశం అతని ఫోనుకే పోయింది. రోజుకి అలాంటివి ఎన్నో వస్తుంటాయి, అతను చూసుకోలేదు. ఈలోగా చేరాల్సిన గడువు కాస్తా దాటిపోయింది.

ఎవరిని ఏమనాలి? ఆ అమ్మాయి రెండేళ్ళు మా బడిలో కంప్యూటర్ పాఠం విన్నది. సి.పి.యు. అంటే ఏమిటో పరీక్షలో పొల్లు పోకుండా రాసింది. పదికి పది వేసింది నేనే! కానీ తన దరఖాస్తు తను నింపుకోవడం ఆమెకు రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు నా పాఠంలోనే ఉందనిపించింది.

చెప్పులు బయట విడిచి...

నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ నాకూ పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. 1998లో బీఎడ్ అయ్యాక పక్క పట్నంలో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఏసీ గది. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం. మౌస్ ఎప్పుడూ మాలో ఉన్న అబ్బాయి చేతిలోనే ఉండేది. నేను బుద్ధిగా నోట్సు రాసుకునేదాన్ని. మూడు నెలలకు సర్టిఫికెట్ వచ్చింది గానీ ఒక్క ఉత్తరం టైపు చేయడం రాలేదు. అదంతా తర్వాత ఉద్యోగంలో పడుతూ లేస్తూ నేర్చుకున్నదే.

బళ్ళలో కంప్యూటర్ చదువు నిన్నా మొన్నా మొదలైంది కాదు. 1984లోనే కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2004 డిసెంబరులో ఐసీటీ పథకం వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు వెలిశాయి. మా బడికీ పదకొండు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి మరీ ప్రారంభించాం. ఒప్పందం గడువు తీరి బోధకుడు వెళ్ళిపోయాక గదికి తాళం పడింది. “పాడైతే ఎవరు పూచీ?” అని అందరికీ భయం. వారానికోసారి తీసి, బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పి మళ్ళీ తాళం వేసేవాళ్ళం. వాడితే పాడవుతాయని దాచినవి వాడకనే పాడయ్యాయి. కొన్నిటి వైర్లు ఎలుకలు కొరికేశాయి. 2019 నాటికి పనిచేసేవి అయిదే.

అయిదు నిమిషాల గంట

హెడ్మాస్టరు గారిని బతిమాలి తాళంచెవి తీసుకున్నాను. మొదటిరోజు ఏమీ చెప్పకుండా ఊరికే చూస్తూ నిలబడ్డాను. అన్ని కుర్చీల్లోనూ అబ్బాయిలే! అమ్మాయిలు వాళ్ళ వెనకాల నిలబడి చూస్తున్నారు. ఒకమ్మాయి చెయ్యి ముందుకు చాస్తే, “నీకు రాదులే, నే చేస్తాగా” అన్నాడు ఒకడు. వాడిలో చెడ్డతనమేం లేదు, నిజంగానే సాయం చేస్తున్నాననుకున్నాడు. 1998 నాటి ఆ ఏసీ గది నాకు కళ్ళముందు మెదిలింది.

మర్నాడు ఇంట్లో వంటకి వాడే టైమర్ పట్టుకెళ్ళాను. నలభైమంది పిల్లలు, అయిదు కంప్యూటర్లు. అంటే ఒక్కోదానికి ఎనిమిదిమంది. నలభై నిమిషాల పీరియడ్‌లో తలా అయిదు నిమిషాలు. లెక్క సరిపోయింది! గంట మోగగానే మౌస్ పట్టుకున్నవాళ్ళు లేవాలి. లేచినవాళ్ళు పక్కవాళ్ళకి నోటితో చెప్పొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. ఇదొక్కటే నియమం.

వంతు రానివాళ్ళకి అట్టముక్కల మీద కీబోర్డు గీసిచ్చాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మా అక్కలు నేర్చుకున్నట్టే ఎడమచేతికి ఎ, ఎస్, డి, ఎఫ్... కుడిచేతికి జె, కె, ఎల్. అసలు కీబోర్డు దగ్గరికి రాగానే ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు వేలికి తగులుతాయి. “చూడకుండానే తెలుస్తోంది మేడమ్!” అని వాళ్ళ సంబరం చూడాలి!

మెమరీ గురించి చెప్పడానికి వంటింట్లోకి తీసుకెళ్ళాను. సామాన్ల గదిలో బియ్యం, పప్పులు ఎప్పుడూ ఉంటాయి. అది హార్డ్ డిస్క్. వంట చేసేటప్పుడు కావలసినవి తెచ్చి గట్టు మీద పెట్టుకుంటాం. అది ర్యామ్. కరెంటు పోతే గట్టు మీదున్నవన్నీ మాయం! అందుకే ఎప్పటికప్పుడు గదిలోకి సర్దేయాలి. అదే ‘సేవ్’. మా ఊళ్ళో కరెంటు కోతల పుణ్యమా అని ఈ పాఠం రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

తెలుగులో టైపు చేయడం ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో నేర్పాను. ఎడమవైపు అచ్చులు, గుణింతాలు, కుడివైపు ఎక్కువగా హల్లులు. షిఫ్టు పట్టుకుని డి, ఆ తర్వాత సి, డి, సి. అంతే, తెరమీద ‘అమ్మ’ ప్రత్యక్షం! ఒకమ్మాయి ఆ మాట వరసగా తెర నిండేదాకా కొడుతూనే ఉంది.

“ఆడపిల్లకి ఇంటర్నెట్టా?”

తర్వాత దరఖాస్తు పాఠం పెట్టాను. ఈమెయిల్ తెరవడం, ఫొటో సైజు తగ్గించడం, కాగితాన్ని పీడీఎఫ్ చేయడం, పంపేముందు రెండుసార్లు చదువుకోవడం, రసీదు దాచుకోవడం. ఇంటర్నెట్ నా ఫోనుదే.

ఇది తెలిసి ఒక నాన్న బడికొచ్చాడు. “ఆడపిల్లకి ఇంటర్నెట్టా మేడమ్ గారూ? ఫోనే ముట్టుకోవద్దంటుంటే!” అన్నాడు. వాదించలేదు. కూర్చోమని వాళ్ళమ్మాయిని పిలిచాను. ‘మీ భూమి’ వెబ్‌సైట్లో వాళ్ళ ఎకరం పొలం 1-బి తీసి చూపించింది. ఆయన తెరమీద తన పేరు చాలాసేపు చూసుకున్నాడు. “దీనికోసం నేను ఒకపూట కూలి పోగొట్టుకుని వెళ్తున్నానమ్మా” అన్నాడు. మళ్ళీ అభ్యంతరం చెప్పలేదు.

ఆ నాన్న ఒక్కడే కాదు. 14-18 ఏళ్ళవాళ్ళపై 2023లో జరిగిన ‘అసర్’ సర్వే చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోనుంది. అమ్మాయిల్లో 19.8 శాతానికే! 2020లో బడులు మూసేసి ఆన్‌లైన్ పాఠాలు పెట్టినప్పుడు మేమూ చూశాం. ఇంట్లో ఒక్కటే ఫోనుంటే ముందు అన్న క్లాసు, మిగిలితే చెల్లెలి క్లాసు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు, “ఇది నా ఒక్కదానిదేనా మేడమ్?” అని అడిగిన అమ్మాయి మొహం నేను మరచిపోలేను.

అమ్మలకు నాలుగు మాటలు

* దరఖాస్తు ఎవరు నింపినా ఫోన్ నెంబరు, ఈమెయిల్ మీ ఇంటివే ఉండాలి. పంపేముందు ఆ రెండూ అమ్మాయి చేతే చదివించండి.

* పాస్‌వర్డ్, ఓటీపీ బీరువా తాళంలాంటివి. ఎంత తెలిసినవాళ్ళయినా చెప్పకూడదు.

* ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే ముందు మీకే చెప్పమనండి. చెప్పినప్పుడు కోప్పడకండి. డబ్బు మోసమైతే వెంటనే 1930కి, పిల్లలకి ఆపదైతే 1098కి ఫోన్ చేయండి.

* డ్వాక్రా పుస్తకంలో లెక్కలుంటే అమ్మాయికిచ్చి కంప్యూటర్లో వేయమనండి. తనకు అభ్యాసం, మీకు సాయం.

2022 వేసవిలో మా పదో తరగతి అమ్మాయిలు పదిమంది కాలేజీ దరఖాస్తులు తామే నింపుకున్నారు. నేను వెనకాల నిలబడ్డానంతే. మౌస్ ముట్టుకోలేదు.

మరి ఆ మొదటి అమ్మాయి? ఆ ఏడు పక్క ఊరి కాలేజీలో చేరింది. రోజూ బస్సులో వెళ్ళొస్తూ ఇంటర్, డిగ్రీ పూర్తిచేసింది. పోయిన సీటు నేను తిరిగి తెచ్చివ్వలేను. కానీ ఏటా పరీక్షలయ్యాక ఒక శనివారం బడికొస్తుంది. పదో తరగతి పిల్లల ముందు నిలబడి ఒక్కటే అడుగుతుంది...

“దరఖాస్తులో ఎవరి నెంబరు వేశారర్రా?”