తులసిదళం ముగింపు మీద తెగని పంచాయితీ

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. చిన్నపిల్ల తులసి మీద కాష్మోరా ప్రయోగం చేస్తారు. ఒకపక్క డాక్టర్లు, హిప్నాటిజం. ఇంకోపక్క మంత్రగాళ్లు. చివరికి పాప బతుకుతుంది. కానీ వైద్యం వల్లనా, ప్రయోగం విరిగినందువల్లనా? రచయిత తేల్చి చెప్పలేదు. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్ కూడా కదా, రెండు ఖాతాలూ సరిపోయేలా రాసి పుస్తకం మూసేశారు.

పాఠకులు అక్కడే విడిపోయారు. సస్పెన్స్ అంటే ఇదీ అన్నవాళ్లు చాలామంది. మూఢనమ్మకానికి సైన్స్ ముసుగు వేశారన్నవాళ్లూ ఉన్నారు. రంగనాయకమ్మ అయితే 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని విమర్శ పుస్తకమే రాశారు. నవలకు ముందుమాట రాసిన డాక్టర్, రచయిత కొమ్మూరి వేణుగోపాలరావు ఆమె మీద పరువునష్టం కేసు వేశారు. గొడవ అలా నడుస్తుండగానే రెండో భాగం 'తులసి', తర్వాత సినిమాలూ వచ్చేశాయి.

పట్నంలో చాలామందికి అది కాలక్షేపం. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళ్తే సంగతి వేరు. జ్వరమొస్తే మలేరియా పరీక్ష చేయించాలా, 'ఎవరో చేశారు' అని వెతకాలా అన్నది అక్కడ నిజంగానే వచ్చే ప్రశ్న. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు ఏజెన్సీలో ఉన్నాయి. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ 2005లో, ఆ పక్కన ఒడిశా 2013లో దీనిపై ప్రత్యేక చట్టాలే తెచ్చాయి.

మన ఇళ్లలోనూ పిల్లకు ఫిట్స్ వస్తే ఆస్పత్రికన్నా ముందు ఆమిల్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు లేకపోలేదు. మందు, తావీజు రెండూ పడి పిల్ల కోలుకుంటే పేరు మాత్రం తావీజుకే పోతుంది. ఆ ముగింపు నచ్చనివాళ్ల అసలు అభ్యంతరం ఇదే.