టోపీ, కళ్లజోడు పెట్టుకున్న కిటికీ

బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో మా చాచాకు ఎదురైన సంగతి ఇది. సొంత చాచా కారు. వీధిలో అందరం ఆయన్ను అలాగే పిలుస్తాం. పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం వెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో తన మెయిల్ తెరిపించుకున్నారు. దమ్మామ్ నుంచి కొడుకు పంపిన కాగితాలు, ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ప్రింటు తీయించుకుని, డబ్బులిచ్చి, జుహర్ వేళకు ఇంటికి వచ్చేశారు. మర్నాడు ఆయన మనవడు హాల్ టికెట్ కోసం అదే కుర్చీలో కూర్చుంటే దాదా మెయిల్ తెరిచే ఉంది! తండ్రి రాసిన ఉత్తరాలు, జీతం వివరాలు, అప్పుల లెక్కలు... ఈలోగా ఆ కుర్చీలో ఎంతమంది కూర్చుని లేచారో ఎవరికి తెలుసు?

సాయంత్రం చాచా మా ఇంటికి వచ్చారు. "ఏం బేటా, టోపీ, కళ్లజోడు బొమ్మ ఉండే కిటికీ ఒకటి ఉందట కదా. అందులో చూస్తే ఎవరికీ ఏమీ తెలీదట. మావాడు చెబుతున్నాడు" అన్నారు. ఆ మాటలో సగం నిజం. మిగతా సగం కోసమే ఈ నాలుగు మాటలు.

టోపీ బొమ్మ గూగుల్ వారి క్రోమ్ బ్రౌజర్‌ది. దాని పేరు ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో తిరగడం. పేరున్న బ్రౌజర్లలో ముందుగా 2005లో ఆపిల్ సంస్థ తన సఫారీలో ఇలాంటి ఏర్పాటు చేసింది. క్రోమ్‌లో 2008లోనూ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌ఫాక్స్‌లలో 2009లోనూ వచ్చింది.

ఇది చేసే పని తేలికగానే అర్థమవుతుంది. బ్రౌజర్ ఒక గుమాస్తా వంటిది. మనం ఏ పేజీ చూశామో చిట్టా రాసుకుంటుంది. వెబ్‌సైట్లు ఇచ్చే చిన్న గుర్తుచీటీలను దాచిపెడుతుంది, వీటినే కుకీలంటారు. ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే ఆ గుమాస్తా వేరే పుస్తకం తీస్తాడు. కిటికీలన్నీ మూసెయ్యగానే ఆ పుస్తకాన్ని చింపేస్తాడు. తర్వాత అదే యంత్రం ముందు కూర్చున్నవారికి మన చిట్టా గానీ, తెరిచి ఉన్న మెయిల్ గానీ కనిపించవు. అయితే కిటికీలు 'మూస్తేనే' అన్న మాట మరువరాదు. ఫోనులో వేరే యాప్‌లోకి వెళ్లినంత మాత్రాన అవి మూసుకోవు, వెనకాల తెరిచే ఉంటాయి.

ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట ఇది చిన్న మేలు కాదు. కొత్త కోడలు గర్భం గురించి ఏదో వెతుకుతుంది. మర్నాడు అత్తగారు వంటల వీడియో చూడబోతే పసిపిల్లల సబ్బుల ప్రకటనలు వస్తాయి. డాక్టరు ఇంకా ఖాయం చేయని కబురును ఫోను ముందే చాటేస్తుంది! ఇలాంటి ఇబ్బంది ఇన్‌కాగ్నిటోలో చాలావరకు తప్పుతుంది. ఎదుటివారి గుమ్మం ముందు నిలబడి సలాం చెప్పి, అనుమతి అడిగి, మూడుసార్లకూ పలుకు రాకపోతే వెనుదిరగాలని మనకు చిన్నప్పుడే నేర్పారు. ఒకరి గుట్టు కూపీ లాగడాన్ని హుజురాత్ సూరా వారించిందనీ తెలుసు. అలాంటి ఇళ్లలోనే భార్య ఫోనును భర్త, వదిన ఫోనును ఆడపడుచు చాటుగా తిరగేస్తుంటే ఏమనాలి? పసిపిల్లల చేతిలో ఫోను సంగతి వేరు. అక్కడ పెద్దల కాపలా ఉండవలసిందే. పెద్దల పర్యవేక్షణలో ఉండేలా తెరిచిన పిల్లల గూగుల్ ఖాతాలో ఇన్‌కాగ్నిటో పనిచేయదు కూడా.

ఇక 'ఎవరికీ తెలీదు' అన్న మాట. ఈ మాట దగ్గర మన ఖతీబు సాహెబ్ ఏం చెబుతారో పాఠకులకు తెలుసు. అది ఆయనకే వదిలి, మేము భూమ్మీది లెక్క చూస్తాం. గుమాస్తా పుస్తకం చింపినా, ఉత్తరం మోసిన పోస్ట్‌మ్యాన్‌కు చిరునామా తెలుసు కదా! మనకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మనం ఏ సైటుకు వెళ్లామో తెలుస్తుంది. ఆఫీసు, కాలేజీ వైఫై నడిపేవారికీ అంతే. మనం వెళ్లిన సైటుకు మన ఐపీ చిరునామా కనిపిస్తూనే ఉంటుంది. ఇక మన ఖాతాతో లాగిన్ అయ్యామంటే, టోపీ తీసి పేరు చెప్పుకున్నట్టే.

ఈ విషయంలో అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా గూగుల్ తమ వివరాలు సేకరించిందంటూ 2020 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. అడిగిన పరిహారం కనీసం 500 కోట్ల డాలర్లు. 2023 డిసెంబర్‌లో రాజీ కుదిరింది, 2024 ఏప్రిల్‌లో షరతులు బయటికొచ్చాయి. వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి, ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే హెచ్చరికను వివరంగా రాయడానికి గూగుల్ ఒప్పుకుంది. దావా వేసినవారికి ఉమ్మడిగా దక్కిన సొమ్ము మాత్రం ఏమీ లేదు. పరికరం చెడ్డది కాదు, దానికి పెట్టిన పేరే జనాన్ని తప్పుదారి పట్టించిందని మా అభిప్రాయం.

పైగా ఈ కిటికీ కాపలా బ్రౌజర్ వరకే. ఫోనులోని మిగతా యాప్‌లకు దీంతో సంబంధం లేదు. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు చూపే ముస్లిం ప్రో అనే యాప్‌ను కోట్లమంది దించుకున్నారు. వాడేవారు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పే వివరాలు ఆ యాప్ నుంచి ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు, అక్కడి నుంచి అమెరికా సైన్యంతో కాంట్రాక్టులున్న కంపెనీలకు చేరాయని 2020 నవంబర్‌లో పత్రికల్లో వచ్చింది. గగ్గోలు రేగాక ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్టు యాప్ వారు ప్రకటించారు. ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్లకు ఎవరు వెళ్లారో తెలిపే సమాచారం అమ్మకూడదని 2024 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషన్ ఆ వ్యాపార సంస్థను కట్టడి చేసింది. నమాజు వేళలకు ఊరి పేరు మనమే ఎంచుకుంటే చాలు. మనం నిలబడ్డ చోటు ఏ యాప్‌కైనా ఇరవైనాలుగు గంటలూ ఎందుకు తెలియాలి? ఫోను సెట్టింగుల్లో లొకేషన్ అనుమతిని 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చుకోవచ్చు.

చాచా విషయానికి వస్తే, ఆ రోజు ఆయన మనవడు సెంటర్‌కు మళ్లీ వెళ్లనక్కరలేకపోయింది. సొంత ఫోనులో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీ అన్నచోట ఖాతా ఏయే యంత్రాల్లో తెరిచి ఉందో చూసి, అక్కడి నుంచే సెంటర్ కంప్యూటర్‌ను సైన్ అవుట్ చేశాడు. పాస్‌వర్డ్ కూడా మార్చాడు.

వారం తర్వాత మరో కాగితం కోసం తాతా మనవళ్లు కలిసి వెళ్లారు. ఈసారి చాచా పట్టుబట్టి టోపీ కిటికీయే తెరిపించారు. పాస్‌వర్డ్ దాచుకోమంటారా అని అడిగితే వద్దన్నారు. పని కాగానే లాగౌట్ చేయించి, కిటికీ మూయించి, గర్వంగా లేచారు. మనవడికి అనుమానం వచ్చి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. ఇన్‌కాగ్నిటోలో దించుకున్న ఫైళ్లు కిటికీ మూసినా చెరిగిపోవు. చాచా కాగితం అక్కడే ఉంది, పోయిన వారం నాటి ఆధార్, పాస్‌బుక్కుతో సహా. వాటి పక్కనే మరెందరివో పాన్ కార్డులు, మార్కుల మెమోలు, ఒక నికాహ్‌నామా. చాచావి తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, మిగతావాటి సంగతి సెంటర్ యజమానికి చెప్పి వచ్చారు.