ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు?

దేవుడు అందరినీ ప్రేమిస్తాడని సండే స్కూల్లో మీరంతా నేర్చుకునే ఉంటారు. వినడానికి ఇంత తేలికైన మాట మరొకటి లేదు. దాన్ని నిజంగా నమ్మితే మాత్రం కొంత వదులుకోవాల్సి వస్తుంది. ఒంగోలు చరిత్రే అందుకు సాక్ష్యం.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, భార్య హ్యారియెట్‌తో ఒంగోలు వచ్చారు. వాళ్లు పెట్టిన బడికి పైకులాల పిల్లలు వచ్చారు. పెద్దలు కొందరు సువార్త మీద కూడా ఆసక్తి చూపారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ క్రైస్తవుడయ్యాడు. ఆయన తోళ్ల వ్యాపారి, గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవాడు. ఆయన మాట విని తాళ్లకొండపాడు చుట్టుపక్కల మాదిగ పల్లెలు కదిలాయి. అప్పుడు పైకులాలవాళ్లు తేల్చి చెప్పేశారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాము.

దంపతులిద్దరూ దిక్కుతోచక, ఎవరి గదిలో వారు బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించింది. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. మాదిగలను కాదనకూడదని నిర్ణయించుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇప్పించారు. ఎంతోమంది బాప్తిస్మం అడిగినా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులే.

ఈ నిర్ణయాలకు మూలం బైబిల్లోనే ఉంది. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని ఆదికాండం చెబుతుంది. ఆ పోలిక క్రైస్తవులకే పరిమితమని ఎక్కడా లేదు. మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు మనకోసం చనిపోయాడని పౌలు రాశాడు. అంటే ప్రేమ ముందు, అర్హత తర్వాత. మీ మార్కులు, వీసా, జీతం ఆ ప్రేమను పెంచవు, తగ్గించవు. మీ తరగతిలోని హిందూ స్నేహితుడు, ముస్లిం స్నేహితురాలు, చర్చికి రావడం మానేసిన బంధువు, వీళ్లందరి మీదా అదే ప్రేమ ఉంది. వాళ్లు ముందు మారితేనే గౌరవిస్తామనడం సువార్తను తలకిందులు చేయడమే. బంగారు ఉంగరాలవాడికి మంచి చోటు చూపించి, పేదవాణ్ణి పక్కన నిలబెట్టే సంఘాన్ని యాకోబు పత్రిక గట్టిగా మందలిస్తుంది.

ఇంత తెలిసినా, మన తెలుగు సంఘాలు కులాన్ని గుమ్మం బయట వదల్లేదు. క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో విశ్వాసం పక్కనే కులం పేరు కూడా కనిపిస్తుంది. మనవాళ్లు విమానం ఎక్కి విదేశాలకు వెళ్లినా కులం వెంట వచ్చింది. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది.

కలిసి తినడాన్ని కంచం పొత్తు, వియ్యమందడాన్ని మంచం పొత్తు అంటారు మనవాళ్లు. ప్రభువు బల్ల దగ్గర కంచం పొత్తు కుదిరింది. చాలా ఇళ్లలో కథ అక్కడితో ఆగిపోయింది. దాన్ని ముందుకు నడపాల్సింది మీరే. కొత్తగా పరిచయమైన తెలుగువాళ్లను ఇంటిపేరు అడిగి ఆరా తీసే అలవాటు మీరు నేర్చుకోకండి. ఇంట్లో సంబంధాల మాట వచ్చినప్పుడు అమ్మానాన్నలను మర్యాదగానే అడగండి: ఒకే రొట్టె విరిచి తిన్నవాళ్లం, వియ్యమందడానికి అడ్డేమిటి?