జర్మనీలో ప్యాక్ చేసిన పారాచూట్‌తో అమెరికాలో దూకొచ్చా?

ఈ రోజు ఒక చిన్న కార్డు గురించి చెప్తాను. జేబులో పట్టేంత కార్డు. దాని వల్లే నేను ఫ్లోరిడా దాకా వెళ్లి, పైన నీలంగా ఆకాశం కనిపిస్తుంటే రెండు రోజులు నేల మీదే కూర్చున్నాను.

నేను ఉద్యోగం చేసేది జర్మనీలో. స్కైడైవింగ్ అక్కడే నేర్చుకున్నాను, సొంత రిగ్ కూడా కొనుక్కున్నాను. రిగ్ అంటే మనం వీపుకి తగిలించుకునే బ్యాగు మొత్తం. అందులో రెండు పారాచూట్లు ఉంటాయి. ఒకటి మెయిన్, దాన్ని ప్రతి జంప్ తర్వాత మనమే మడతపెట్టుకుంటాం. రెండోది రిజర్వ్. మెయిన్ తెరుచుకోకపోతే మన ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని లైసెన్స్ ఉన్నవాళ్లే ప్యాక్ చెయ్యాలి. ఎవరు చేశారు, ఏ తేదీన చేశారు అని ఒక కార్డు మీద రాసి రిగ్‌లోనే పెడతారు. నేను చెప్తున్న కార్డు అదే.

వాడకుండానే ఉంది కదా, మళ్లీ మళ్లీ ఎందుకు విప్పడం అని మీకు డౌట్ రావచ్చు. వాడకపోయినా తేమ తగులుతుంది, రబ్బరు బ్యాండ్లు పాడవుతాయి, మూత పట్టి ఉంచే తాడు అరుగుతుంది. విప్పి చూస్తే తప్ప అవి తెలియవు. అందుకే గడువు పెట్టారు. చిక్కేంటంటే ఆ గడువు అన్ని దేశాల్లో ఒకటి కాదు. జర్మనీలో మామూలుగా ఏడాది. అమెరికాలో 180 రోజులు. అక్కడ కూడా 2008 దాకా 120 రోజులే ఉండేది.

నా రిజర్వ్ ప్యాక్ చేసి అప్పటికి నాలుగు నెలలే అయింది. అంటే అమెరికా లెక్కలో కూడా గడువు దాటలేదు. అయినా కౌంటర్‌లో ఉన్నామె కార్డు చూసి, దీంతో ఎక్కనివ్వం అంది. ఎందుకంటే అక్కడి రూల్ రెండు విషయాలు అడుగుతుంది. ఎప్పుడు ప్యాక్ చేశారు? ఎవరు ప్యాక్ చేశారు? రెండో ప్రశ్నకి జవాబు అమెరికా విమానయాన సంస్థ, అంటే ఎఫ్ఏఏ, సర్టిఫికెట్ ఇచ్చిన రిగ్గర్ అయ్యుండాలి. నాది ప్యాక్ చేసినాయనకి జర్మన్ లైసెన్స్ ఉంది, అమెరికా సర్టిఫికెట్ లేదు.

"నేను విదేశీయుణ్ణి కదా, మా దేశం రూల్ వర్తించదా?" అని అడిగాను. మీరైనా అదే అడుగుతారు. నిజానికి విదేశీయులకి ఒక మినహాయింపు ఉంది. ఎఫ్ఏఏ నిబంధనల్లో 105.49 చూడండి. దాని ప్రకారం మీ దేశం పద్ధతిలో ప్యాక్ చేసిన రిజర్వ్‌ని ఒప్పుకుంటారు. కానీ కొన్ని షరతులున్నాయి. మీరు అమెరికా పౌరులు కాకూడదు, గ్రీన్ కార్డు ఉండకూడదు. రిగ్ మీ సొంతదే అయ్యుండాలి, ఫ్రెండ్ దగ్గర తీసుకున్నది పనికిరాదు. ఆ రిగ్ అమెరికాలో తయారైంది కాకూడదు, దానికి అమెరికా ఆమోదం కూడా ఉండకూడదు. మీ దేశం రూల్స్‌కి మాత్రం సరిపోవాలి.

నేను ఇరుక్కుంది ఇక్కడే. మనిషిని ఇండియన్, ఉండేది జర్మనీలో, కానీ నా రిగ్ అమెరికాలో తయారైంది! లోపల టీఎస్ఓ లేబుల్ కూడా ఉంది, అంటే అమెరికా ఆమోదం ఉన్నట్టే. సో, వాళ్లు నా పాస్‌పోర్ట్‌తో పాటు రిగ్ ఎక్కడ పుట్టిందో కూడా చూస్తారన్నమాట.

అప్పుడు పక్కనున్న ఒకతను మెల్లగా ఒక మాట అన్నాడు. ఎవరైనా రిగ్గర్‌ని పట్టుకుని కార్డు మీద సంతకం పెట్టించుకో, విప్పక్కర్లేదు అన్నాడు. దీన్ని పెన్సిల్ ప్యాక్ అంటారు. అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. రిగ్ బాగానే ఉంది కదా అనిపించింది. కానీ రూల్ ఇంకోసారి చదివాను. అందులో దూకేవాడు ఒక్కడే కాదు, అలాంటి జంప్‌ని అనుమతించిన పైలట్ కూడా తప్పు చేసినట్టే అని ఉంది. నా సెలవులు వృథా కాకూడదని ముక్కూ మొహం తెలియని పైలట్ లైసెన్స్‌ని పణంగా పెట్టాలా? వద్దనుకుని రిగ్ తీసుకెళ్లి అక్కడి రిగ్గర్‌కి ఇచ్చాను.

ఆయన హ్యాండిల్ నన్నే లాగమన్నాడు. నా రిజర్వ్ ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను, ఎంత బలంగా లాగాలో కూడా తెలిసింది. అంతా విప్పి చూశాడు, ఏ లోపమూ లేదు. మూడో రోజు పొద్దున దూకాను.

ఇప్పుడు అసలు సూత్రం. ఎక్కడ దూకితే అక్కడి రూల్. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఒక దేశం గగనతలంలో ఎగిరే విమానాలు ఆ దేశం నియమాలే పాటించాలి. పారాచూట్ విషయంలోనూ నడిచేది ఇదే పద్ధతి. మీ దేశం రూల్‌ని ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా అక్కడివాళ్లే చెప్తారు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. అమెరికా 180 రోజుల రూల్ అమెరికాలో చేసే జంప్‌లకే. అక్కడి నుంచి జర్మనీ వెళ్తే జర్మనీ ఏం అడుగుతుందో కనుక్కోవాలి.

టికెట్ బుక్ చేసే ముందు ఈ పనులు చెయ్యండి:

ఒకటి, రిజర్వ్ కార్డు, రిగ్ లేబుల్ ఫోటోలు తీసి, మీరు వెళ్లే డ్రాప్ జోన్‌కి ఈమెయిల్ పంపండి. జవాబు రాతలో తీసుకోండి.

రెండు, రోజులు లెక్కపెట్టండి, నెలలు కాదు. మార్చి 1న ప్యాక్ చేస్తే 180వ రోజు ఆగస్టు 28. సెప్టెంబర్ 1 అనుకుని వెళ్తే దొరికిపోతారు. అమెరికాలో మెయిన్‌కి కూడా ఇదే 180 రోజుల లెక్క.

మూడు, ఏఏడీ ఉంటే, అంటే మనం లాగకపోయినా రిజర్వ్‌ని తెరిచే పరికరం, దాని సర్వీస్ తేదీ చూడండి. అమెరికాలో అయితే తయారీ కంపెనీ చెప్పినట్టు దాన్ని మెయింటైన్ చెయ్యడం రూల్.

నాలుగు, ఇవేవీ కుదరకపోతే రిగ్ అక్కడే అద్దెకి తీసుకోండి.

టాండెమ్‌లో ఒక్కసారి దూకుదాం అనుకునేవాళ్లకి ఈ కార్డు గొడవ లేదు, రిగ్ వాళ్లదే. అయినా "రిజర్వ్ ఎప్పుడు ప్యాక్ చేశారండీ?" అని అడగండి. అడగడంలో తప్పేం లేదు. అమెరికాలో టాండెమ్ రిజర్వ్‌కీ 180 రోజులే, ఏఏడీ కూడా తప్పనిసరి.

నేను పోగొట్టుకున్నది రెండు రోజులు, కొంచెం డబ్బు. మీకు ఒక ఈమెయిల్‌తో పోతుంది. మీ ఫ్రెండ్స్‌లో రిగ్ సర్దుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.